తొమ్మిది నాటుకోడి పిల్లలు: తల్లి దగ్గరే ఉంచాలా, బల్బు కింద పెంచాలా?

హన్మకొండ పెరడు:
మా పెట్ట నిన్న పిల్లలు లేపింది. పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలు. తల్లి దగ్గరే వదిలేయమని అత్తమ్మ అంటున్నారు. అట్టపెట్టెలో బల్బు పెట్టి విడిగా పెంచుదామని మా ఆయన పట్టుబడుతున్నారు. పోయినసారి సగం పిల్లలు గద్దల పాలు, పిల్లుల పాలు అయ్యాయి. ఇప్పుడు రాత్రిళ్లు చలి కూడా బాగా ఉంది, అందుకే టెన్షన్. ఏది నయం?

నర్సంపేట రోడ్డు:
అక్కా, విడిగానే పెంచండి. పిల్లలను వెంటేసుకుని తిరిగినన్నాళ్లూ పెట్ట గుడ్డు పెట్టదు. రెండు మూడు నెలలు అట్లనే పోతాయి. పిల్లలను తీసేస్తే కొన్ని వారాల్లో మళ్లీ గుడ్డుకొస్తుంది. మేడారం జాతర వచ్చిన ఏడు నాటుకోడికి ఎంత గిరాకీ ఉంటదో ఓరుగల్లులో అందరికీ తెలుసు. మొదటి వారం 35 డిగ్రీల వేడి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతే చాలు.

పరకాల అక్క:
అన్నా, మీ లెక్క వందల పిల్లలు పెంచేవాళ్లకు సరిపోతుంది. ఈ చెల్లె దగ్గర ఉన్నవి తొమ్మిది. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే ఆ పెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు? అందరి ఇళ్లల్లో ఉన్నవి ఎల్‌ఈడీ బల్బులు. వాటితో వెలుతురు వస్తుంది కానీ పిల్లలకు సరిపడా వేడి రాదు. తల్లి రెక్కల కింద అయితే చలేసిన పిల్ల లోపలికి దూరుతుంది, ఉక్కపోసినది తల బయటపెడుతుంది. దేనికి ఎంత వేడి కావాలో అదే చూసుకుంటుంది. గింజ కనబడగానే పెట్ట టుక్కు టుక్కుమని పిలవడం, గద్ద నీడ పడగానే గొంతు మార్చి హెచ్చరించడం చూడండి. పెరట్లో బతకాల్సిన పిల్లలకు ఆ చదువు పెట్టెలో దొరకదు.

గద్దల భయానికి పిల్లలను తల్లి నుంచి వేరు చేయక్కర్లేదు. తల్లినీ పిల్లలనూ కలిపే మూడు నాలుగు వారాలు జాలీలో ఉంచండి, రాత్రి గంప కింద కమ్మండి. నూకలు ఒక్కటే వేస్తే ఎదగవు, మాంసకృత్తులు చాలవు. చిక్ స్టార్టర్ దాణా తెచ్చి పెట్టండి, పెట్ట తిన్నా పర్లేదు. గుడ్ల కోళ్ల దాణా మాత్రం పిల్లల ముందు పెట్టకండి. అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు చెడిపోతాయి. లోతు లేని పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. మొదటి రోజు తినలేదని భయపడొద్దు. గుడ్డులోని పచ్చసొన పొట్టలోకి చేరి ఉంటుంది, రెండు రోజుల దాకా అదే ఆధారం.

వనరాజ, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్ల రకాల ఒక్క రోజు వయసు పిల్లలను హేచరీ నుంచి తెచ్చుకుంటే తల్లే ఉండదు కాబట్టి బల్బు తప్పదు. అది వేరే సంగతి.

నర్సంపేట రోడ్డు:
ఎల్‌ఈడీ పెట్టమని నేనెప్పుడన్నాను? ఫిలమెంట్ బల్బు వెతికి తెచ్చుకోవాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా పడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, ఒకే మూలకు చేరితే అటు నుంచి గాలి కొడుతున్నట్టు. బల్బు ఎత్తు దాన్ని బట్టే మార్చుకోవచ్చు. ఇంకో మాట, తల్లి ఒంటి మీది పేలు, గోమార్లు పిల్లలకు పాకుతాయి. తడి నేల మీద తిరిగితే రక్త విరేచనాలు పట్టుకుంటాయి. పెట్టెలో పొడి ఊక వేసి మార్చుకుంటూ ఉంటే ఆ బాధ తక్కువ.

ములుగు పొలం గట్టు:
తల్లి కింద పెరిగిన పిల్లకు రోగాలు తట్టుకునే శక్తి దానంతటదే వస్తుంది. మా తాతలు కోళ్లకు టీకాలు వేయించారా?

పరకాల అక్క:
తమ్ముడూ, నేను తల్లి వైపే మాట్లాడుతున్నా, కానీ ఈ మాట ఒప్పుకోను. తల్లి ఇచ్చే రక్షణ గుడ్డులోని పచ్చసొన ద్వారా వస్తుంది, రెక్కల కింద కూర్చోవడం వల్ల కాదు. అది కూడా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. కొక్కెర తెగులు వచ్చిన వాడలో పెరళ్లన్నీ ఖాళీ అవుతాయి, మీ తాతల కాలంలోనూ అయ్యాయి. అయిదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెరకు వేసే లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి. రెండో వారంలో గంబోరో రోగం టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా.

పిల్లను పిడికిట్లో పట్టుకుని తల పక్కకు వాల్చి ఒక్క చుక్క వేయాలి. అది కన్ను ఆర్పి చుక్క లోపలికి ఇంకేదాకా వదలొద్దు, తొందరపడితే మందు చెంప మీద కారిపోతుంది. సీసాను ఐసులోనే పెట్టి తేవాలి. ఒక్క సీసాలో వంద డోసులకు తక్కువ ఉండవు, కలిపాక రేపటికి దాచుకునే వీల్లేదు. అందుకే వాడకట్టు అంతా కలిసి ఒకే రోజు వేయించుకోవాలి.

హన్మకొండ పెరడు:
మెట్ల కింద జాలీ కట్టిస్తాం, తల్లితోనే ఉంచుతాం. టీకా గురించి పశువుల దవాఖానలో అడుగుతాను, పక్క వీధిలో కోళ్లున్నవాళ్లతో కూడా మాట్లాడతాను. ఒక పిల్లకు వెనక రెట్ట గట్టిగా అంటుకుపోయింది, ఏం చేయాలి?

నర్సంపేట రోడ్డు:
లాగకండి, తోలు ఊడుతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో నానబెట్టి మెల్లగా తుడిచి, ఒళ్లు ఆరాకే తల్లి కింద వదలండి. గుడ్ల నష్టం గురించి నా మాట మాత్రం మారదు. వచ్చేసారి పెట్ట పొదిగినప్పుడు సగం పిల్లలను విడిగా పెంచి చూడండి.