అప్‌డేట్: మా బాబు బెండకాయ తిన్నాడండీ!

ఏడేళ్ల మా బాబు ఫోన్ వదలడు, కూరగాయ ముట్టడు, డాబా మీద మొక్కలు పెట్టిస్తే మారతాడా అని ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి జూన్‌లో ఇక్కడ మిమ్మల్ని అడిగాను. త్వరగా మొలిచేవి వేయించమన్నారు. మెంతులు నాలుగో రోజుకే మొలిచాయి, బెండ ఆరో రోజుకి.

ఆనపపాదుకి పూలన్నీ రాలిపోతుంటే ఏడ్చాడు. మా అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు: అడుగున బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడే ఉంటే మగపువ్వు. ఆనప పూసేది సాయంత్రం కదా, చీకటి పడేవేళ మగపువ్వు తుంచి, పిందె నిలవడానికి దాని పుప్పొడి ఆడపువ్వుకి వాడే అద్దాడు. నిలిచిన పిందెల్ని రోజూ లెక్కపెడతాడు, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఫోన్ పూర్తిగా మానలేదు, సాయంత్రాలు మాత్రం అడగడం లేదు. తను కోసిన బెండకాయల వేపుడు రెండోసారి వడ్డించమంటే నాకు కళ్ళు చెమర్చాయి. మీ అందరి చలవే. నిన్న చిక్కుడు గింజలు నానబెట్టాడు.