పారాగ్లైడర్ సర్దడం: ఒడ్డున 20 నిమిషాల మడతా, 3 నిమిషాల మూటా?

వశిష్ఠగట్టు
మొన్న ఆదివారం అంతర్వేది బీచ్‌లో మళ్లీ అదే కథ. సముద్రం మీంచి గాలి సాఫీగా వస్తోంది. నలుగురం గ్లైడర్లు, అంటే గాలి నిండే గుడ్డ రెక్కలు, తలమీదికి ఎత్తి నిలబెట్టే సాధన చేసుకున్నాం. పొద్దు వాలాక నేను లైన్లు (రెక్క నుంచి వేలాడే తాళ్లు) పోగు చేసి, గ్లైడర్‌ని ఒడిలోకి లాక్కుని సంచిలో పెట్టేశాను. మూడు నిమిషాలు. ఒకాయన మాత్రం ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో సెల్ (రెక్కలో గాలి నిండే గది) సర్దుతూ 20 నిమిషాలు తీసుకున్నారు. ఆ 20 నిమిషాలూ ముగ్గురం బండిలో కూర్చుని దోమలకు రక్తదానం చేశాం.
నా మాట ఇది: బీచ్‌లో అందరూ మూటే కట్టాలి. మడతలు ఇంటికెళ్లి డాబా మీద పెట్టుకోండి. ఏమంటారు?

కుచ్చిళ్లు
ఆ "ఒకాయన" నేనేనండి. పేరు రాయకపోయినా మోకాళ్లు పట్టిచ్చేశాయి.
మడత నాకు షోకు కాదు. మాది చీరల కొట్టు. కుచ్చిళ్లు ఒకసారి చెదిరితే మళ్లీ సర్దడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. గ్లైడర్ కూడా అంతే. ముందు అంచున, అంటే లీడింగ్ ఎడ్జ్‌లో, సెల్ నోళ్లు తెరిచి ఉంచే గట్టి ముక్కలుంటాయి. ఒకదాని మీద ఒకటి వరసగా పెడితే అవి వంగవు. తర్వాత పొడుగు సంచిలో పెట్టి, గట్టి ముక్కలున్న చోట కాకుండా కిందికి వదులుగా మడవాలి. మూట కడితే ఆ ప్లాస్టిక్ రాడ్లు అడ్డదిడ్డంగా వంగుతాయి. అలాగే మే నెల ఎండలో బండిలో వదిలేస్తే వంగిన రాడ్డు వేడికి ఆ వంపులోనే ఉండిపోతుంది.
ఇంకోటి. ఎగరడానికి సిద్ధం కావడం అనేది సర్దేటప్పుడే మొదలవుతుంది. నాది తీసి, లీడింగ్ ఎడ్జ్ గాలి వెళ్లే వైపు ఉండేలా పొడుగ్గా పరిచి, రెండు కొసలు చెరో పక్కకు లాగితే చాలు. రెండు నిమిషాలు. మీ మూట విప్పితే ముందు సరుగుడు కాయలు రాలతాయి, తర్వాత లైన్ల చిక్కు. ఆ చిక్కు తీసే పావుగంట ఎవరి లెక్కలో రాయాలి?

రేవుదాటి
ఆయ్, ముందు ఇసుక ఎవరు దులుపుతారో తేల్చండి. బండి సీట్ల కింద సగం అంతర్వేది ఉంది.

వశిష్ఠగట్టు
కుచ్చిళ్లు గారూ, ఒక్క ప్రశ్న. మీది 2008 మోడల్. దాంట్లో ప్లాస్టిక్ రాడ్లు *లేవు*. మైలార్ ముక్కలే, అంటే గట్టి ప్లాస్టిక్ రేకులు. లేని రాడ్ల కోసం 20 నిమిషాలా?

కుచ్చిళ్లు
మైలార్ ముడత పడదా? పడుతుంది. ముడత పడితే సెల్ నోరు సరిగ్గా తెరుచుకోదు, పైకి లేచేటప్పుడు ఒక పక్క వెనకబడుతుంది.

వశిష్ఠగట్టు
నేను అడిగింది రాడ్ల గురించి. మీ మొదటి పోస్టులో రాడ్లు అని రాశారు. రాడ్లు ఉన్నాయా లేవా?

కుచ్చిళ్లు
మీ గ్లైడర్‌లో ఉన్నాయి కదండీ. మీ మంచికే చెప్పాను.

కొత్తరెక్క
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలు. హార్నెస్‌ని (మనం కూర్చునే పట్టీల సీటుని) గ్లైడర్‌కి తగిలించే సర్దాలా, విడదీయాలా? ఒకరు ఒకటి చెబుతున్నారు, ఇంకొకరు ఇంకొకటి.

బిల్లింగ్‌దారి
అమ్మా, రెండూ చేస్తారు. తగిలించే ఉంచితే కుడి ఎడమ మారవు, మళ్లీ తగిలించే పని ఉండదు. కానీ సర్దేటప్పుడు హార్నెస్ లైన్ల మధ్యలోంచి ఒక్కసారి దూరి బయటికొచ్చిందంటే మెలిక పడుతుంది. "నిన్న బాగానే ఉంది కదా" అని చూడకుండా ఎత్తేస్తారు. విడదీస్తే రైజర్లు (లైన్లన్నీ వచ్చి కలిసే పట్టీలు) రెండూ కలిపి చిన్న తాడుతో కట్టేయండి. ఏ పద్ధతైనా ఎత్తే ముందు A లైన్లు (ముందు అంచుకి వెళ్లేవి) పైన ఏ అడ్డూ లేకుండా ఉన్నాయా, బ్రేక్ తాడు రైజర్ చుట్టూ తిరిగిందా అన్నది చేత్తో పట్టుకుని చూడాలి. కళ్లతో కాదు.
ఇక పెద్దమనుషులిద్దరికీ. హిమాచల్‌లోని బిల్లింగ్ దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. సీజన్‌లో అక్కడ గాలి కుదిరిన గంటలో పదుల మంది ఒకే వాలు మీదికి వస్తారు. సంచి తెచ్చి నడిమధ్య విప్పేవాణ్ణి అందరూ తిట్టుకుంటారు. తెలిసినవాళ్లు ఓ పక్కన హార్నెస్ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, రేడియో చూసుకుని, లైన్లు సరిచేసుకుంటారు. ఆ తర్వాత రెక్కను క్యాలీఫ్లవర్‌లా గుత్తిగా పట్టుకుని నడిచొస్తారు. తమ వంతు రాగానే పరిచి, మధ్యభాగం కాస్త వెనక్కి ఉండేలా విల్లులా సర్దుకుని, ఒకసారి చూసుకుని లేస్తారు. అక్కడ నిలబడేది ఒకటి రెండు నిమిషాలే. వాళ్లది వేగం కాదు, వరస. మడతా మూటా అని మీరు కొట్టుకుంటున్నది దీనికి ముందరి సంగతి.

రేవుదాటి
మా ఊళ్లో వల సర్దడం కూడా ఇంతేనండి. తేలే బెండ్లు ఓ పక్క, మునిగే గుళ్లు ఓ పక్క. పడవలో చక్కగా వేసుకోకపోతే నీళ్లలో చిక్కు విప్పేదెవరు?

వశిష్ఠగట్టు
బిల్లింగ్ వేరు, మన డెల్టా వేరు. ఇక్కడ కొండ లేదు, క్యూ లేదు. ఉన్నది ఇసుక, ఉప్పు, రావణాసురుడి మీసాల గడ్డి. ఆ ముళ్లలో కూర్చుని మడత పెడితే లైన్లకే నష్టం. అందుకే తొందరగా ఎత్తి సంచిలో వేయమంటున్నా. ఇంటి దగ్గర మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టుకోవచ్చు కదా!

కుచ్చిళ్లు
కడిగి ఆరబెట్టడం గురించి *మీరు* చెప్పాలి!
భీష్మ ఏకాదశి తీర్థం అయిన వారం నా రెండో గ్లైడర్ అడిగి పట్టుకెళ్లారు. నాలుగు రోజులకు సంచి తిరిగొచ్చింది. తీస్తే బూజు వాసన. నురగ నీళ్లు తగిలిన రెక్కని అలాగే మూట కట్టేశారు. గుడ్డ మీది పూత చెమ్మకీ వేడికీ దెబ్బతింటే గుడ్డ గాలి పీలుస్తుంది, రెక్క లేవడానికి బద్ధకిస్తుంది, వెనక్కి వేలాడుతుంది. ఇప్పుడు అది దుకాణంలో బొమ్మలకు కప్పే బరకం అయింది.

వశిష్ఠగట్టు
అప్పటికే అది పాతది. ఒక్క తడితో అలా అవుతుందా? అయినా దాని సంగతి ఆరోజే చెప్పొచ్చుగా, ఆర్నెల్ల తర్వాత పదిమందిలో చెప్పడమేంటి?

కుచ్చిళ్లు
చెబితే మీరు వినరు కాబట్టి. "కానీండి, కానీండి" అన్న మాట తప్ప మీ నోట ఇంకోటి రాదు.

సరుగుడునీడ
సార్లూ, పిల్లలు చదువుతున్నారు ఇక్కడ.

కుచ్చిళ్లు
చదవనివ్వండి. వాళ్లకే పనికొస్తుంది.
గత నెల, చీకటి పడే ముందు, నేను సర్దుకోవడానికి కాలి పట్టీలు విప్పేశాను. "ఇంకొక్కసారి గాలి బాగుంది, రండి, తొందరగా" అని కేక వేశారు. ఛాతీ పట్టీ పెట్టుకుని ఎత్తాను. నాది పాత హార్నెస్, పట్టీలు వేటికవే. ఒక విసురు వచ్చింది. రెండడుగులు లేచాను. హార్నెస్ చంకల్లోకి వచ్చేసింది, కాళ్లు గాల్లో. ఇసుక మీద పడ్డాను కాబట్టి ఏమీ కాలేదు. కొండ మీదయితే? ఆ రోజు నుంచి నేను నెమ్మదిగానే సర్దుతున్నాను, నెమ్మదిగానే తెరుస్తున్నాను. దోమలు కుట్టినా సరే.

(ఆ సాయంత్రం ఎవరూ ఏమీ రాయలేదు.)

వశిష్ఠగట్టు
ఇది నాకు తెలీదు. మీరు నవ్వుతూ లేచారు, కావాలనే గెంతారనుకున్నాను.
సరే, నేనూ ఒకటి చెప్తాను. నేను కంగారు పెట్టేది మడతకి కాదండీ. చివరి పంటుకి, అంటే బండ్లని గోదావరి దాటించే పడవకి. సఖినేటిపల్లి రేవులో పంటు తప్పితే చించినాడ వంతెన మీదుగా తిరగాలి. డీజిల్ నాది, ఇంట్లో తిట్లు నావి. మీరు ముగ్గురూ వెనక నిద్రపోతారు.

రేవుదాటి
ఇదీ అసలు కథ! అందరూ అంతకు ముందు పంటే ఎక్కితే గొడవే లేదు కదా.

వశిష్ఠగట్టు
అలాగైతే సాధన అరగంట ముందే ఆపాలి. గాలి మెత్తబడి, రెక్క తలమీద కదలకుండా నిలబడేది ఆ చివరి అరగంటలోనే. వారమంతా ఆఫీసులో దానికోసమే కూర్చుంటాను. అది వదలను.

కుచ్చిళ్లు
నేనూ వదలమనలేదు. నన్ను మాత్రం ముందే ఆపుకోనివ్వండి. మీరు చీకటిదాకా ఆడుకోండి, అప్పటికి నాది మడత అయిపోయి ఉంటుంది. కానీ విప్పిన పట్టీ మళ్లీ పెట్టుకోమని కేక వేయొద్దు.

కొత్తరెక్క
నేనూ ముందే ఆపుతానండి. మడత పెట్టేటప్పుడు ఒక చివర నేను పట్టుకోవచ్చా? ఇద్దరైతే సగం సమయం అంటున్నారు.

కుచ్చిళ్లు
రండమ్మా. ముందు ఇసుక దులపాలి, ట్రెయిలింగ్ ఎడ్జ్, అంటే వెనక అంచు, పైకెత్తి. ఇసుక సెల్ నోళ్లలోంచి జారిపోవాలి.

బిల్లింగ్‌దారి
నేను ఆదివారం పాలకొల్లు నుంచి వేరే బండి తెస్తాను. పంటు తప్పినా ఇద్దరికి చోటుంది.

వశిష్ఠగట్టు
బాగుంది. బరకం నేను తెస్తాను, దాని మీద మడత పెట్టుకోండి, గడ్డిలో వద్దు. ఆ పాత గ్లైడర్ సంగతి కూర్చుని మాట్లాడదాం.
కానీ ఒక్కటి. మీ 2008 మోడల్‌లో రాడ్లు లేవు.

కుచ్చిళ్లు
మైలార్ ముడత పడుతుంది.