ఆరు ఫేజుల బక్ కన్వర్టర్: షార్టయిన ఫేజు ఏదో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
సర్వర్ బోర్డులో ప్రాసెసర్ కోర్ సప్లై. అది వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్, ఆరు సమాంతర శాఖలు (ఫేజులు) లోడును పంచుకుంటాయి. ఇన్‌పుట్ 12 వోల్టులు, అవుట్‌పుట్ 1 వోల్టు, 150 ఆంపులు. ఫేజుకొక స్మార్ట్ పవర్ స్టేజ్ (12 వోల్టుల వైపు హైసైడ్, గ్రౌండు వైపు లోసైడ్ మాస్‌ఫెట్ స్విచ్‌లు, వాటి డ్రైవర్ ఉన్న చిప్పు), 150 నానోహెన్రీల ఇండక్టర్. 12 వోల్టులు ఇవ్వగానే బెంచ్ సప్లై కరెంట్ లిమిట్‌లోకి వెళ్లిపోతోంది. స్టేజీలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న టీమాన్ (వేడి, ఫాల్ట్ తెలిపే) లైను 3.3 వోల్టుల దగ్గర ఆగిపోయింది. మీటరు పెడితే ఆరు ఫేజుల్లోనూ 12 వోల్టుల లైనుకీ స్విచ్ నోడుకీ (రెండు మాస్‌ఫెట్లూ, ఇండక్టరూ కలిసే చోటు) మధ్య ఓమ్ లోపే. ఆరూ పోయినట్టేనా? ఒక్కటే పోయుంటే దాని పీడబ్ల్యూఎం (స్విచింగ్ సిగ్నల్) ఆపేసి ఐదింటితో నడపొచ్చా?

జవాబు:
ఆరూ పోయుండవండి. ఇండక్టర్ల డీసీఆర్ (తీగ నిరోధం) మిల్లీఓమ్ లోపే ఉంటుంది, స్విచ్ నోడులన్నీ వాటి గుండా అవుట్‌పుట్ దగ్గర కలిసిపోతాయి. ఒక్క హైసైడ్ మాస్‌ఫెట్ షార్టయినా మీటరు ఆరింటినీ షార్టనే చూపిస్తుంది. టీమాన్ కూడా ఏ ఫేజో చెప్పదు. ఈ తరహా స్టేజీల్లో ఎక్కువగా సున్నా డిగ్రీలకు 0.6 వోల్టులు, ఆపైన డిగ్రీకి 8 మిల్లీవోల్టులు. అంటే 125 డిగ్రీలకు 1.6 వోల్టులే. 3.3 వోల్టులంటే అది వేడి కాదు, ఏదో ఒక స్టేజీ ఫాల్ట్ అని లైనును పైకి లాగుతోంది.

ఇలా చూడండి. బోర్డుకి మామూలు సప్లైలన్నీ తీసేయండి. బెంచ్ సప్లైని 0.5 వోల్టులు, 2 ఆంపుల లిమిట్‌కి పెట్టి 12 వోల్టుల లైనులోకి ఇవ్వండి. వోల్టేజీ అంతకు మించనివ్వకండి, షార్టయిన ఫేజు గుండా అది నేరుగా ప్రాసెసర్‌కే వెళ్తుంది. ఇప్పుడు ఒక్కో ఇండక్టర్ రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. డీసీఆర్ 0.3 మిల్లీఓమ్ అయితే 2 ఆంపులకు 0.6 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ పాడైన ఫేజులో తప్ప మిగతావాటిలో సున్నాయే. 2 ఆంపులు పోతున్నా ఏ ఇండక్టర్‌లోనూ రాకపోతే ఆ స్టేజీలో లోసైడ్ కూడా షార్టయి కరెంటు అక్కడే గ్రౌండుకి పోతుండొచ్చు. అప్పుడు థర్మల్ కెమెరాతో వేడెక్కే చిప్పును చూడాలి.

మరో జవాబు:
ఐదింటితో నడపడం గురించి: హైసైడ్ షార్టయితే కుదరదు. పీడబ్ల్యూఎం ఆపినా 12 వోల్టులు ఇండక్టర్ మీదే ఉంటాయి. 11 వోల్టులు, 150 నానోహెన్రీలు అంటే మైక్రోసెకనుకు 73 ఆంపుల చొప్పున పెరుగుదల. 400 కిలోహెర్ట్జ్ పీఎంబస్ (స్టేజీలను నడిపే కంట్రోలర్‌తో మాట్లాడే సీరియల్ బస్) మీద స్టేటస్ వర్డ్ (ఫాల్ట్ స్థితి) ఒక్కసారి చదవడానికే 110 మైక్రోసెకన్లు దాటుతుంది. కాబట్టి ఫర్మ్‌వేర్‌ను నమ్ముకోకూడదు. కంట్రోలర్ ఓవర్‌వోల్టేజీ చూసి లోసైడ్లన్నీ ఆన్ చేస్తుంది, ప్రాసెసర్‌ను కాసేపు కాపాడేది అదే. కానీ ఆ కరెంటును తెంచాల్సింది ఇన్‌పుట్ వైపున్న ఈఫ్యూజే (ఎలక్ట్రానిక్ ఫ్యూజు). కంట్రోలర్ ఫాల్ట్ పిన్ను ఈఫ్యూజ్ ఎనేబుల్‌కి వైరుతో నేరుగా కలిసిందో లేదో స్కీమాటిక్‌లో చూడండి. లోసైడ్ షార్టయినా ఇంతే, అవుట్‌పుటే గ్రౌండవుతుంది.

స్టేజీ ట్రైస్టేట్‌లోకి పోయి రెండు మాస్‌ఫెట్లూ ఆఫ్‌లో ఉంటే మాత్రం ఐదింటితో నడపొచ్చు. ఫేజుకి 25 బదులు 30 ఆంపులు, ఒక్కో ఫేజులో కండక్షన్ నష్టం 1.44 రెట్లు. ఫేజుల మధ్య దూరాన్ని 60 నుంచి 72 డిగ్రీలకు మార్చాలి, లేకపోతే రిపుల్ (అవుట్‌పుట్‌లో హెచ్చుతగ్గులు) సరిగా రద్దు కాదు.

ప్రశ్న అడిగినవారు:
నాలుగో ఫేజు ఇండక్టర్‌లోనే 0.6 మిల్లీవోల్టులు వచ్చింది, మిగతా అన్నిటిలో సున్నా. స్టేజ్ మార్చాక నేరుగా 12 వోల్టులు ఇవ్వచ్చా?

జవాబు:
వద్దండి. ముందు కంట్రోలర్‌కి మాత్రం పవర్ ఇచ్చి స్టేటస్ రిజిస్టర్లన్నీ చదివి రాసుకోండి, ఆ తర్వాతే క్లియర్ ఫాల్ట్స్ (వాటిని చెరిపే కమాండు) పంపండి. కంట్రోలర్‌లో బ్లాక్‌బాక్స్ ఉంటే అదీ చదవండి, ఏ ఫాల్ట్ ముందు వచ్చిందో అందులో దొరకొచ్చు. నాలుగో ఫేజు ఇన్‌పుట్ సిరామిక్ కెపాసిటర్లు పగిలాయేమో, బూట్ కెపాసిటర్ (హైసైడ్ డ్రైవర్‌కి పవరిచ్చేది) టంకం సరిగా ఉందో లేదో చూడండి. టీమాన్ గది వేడి దగ్గర 0.8 వోల్టులకు దిగాక, 12 వోల్టులు 0.5 ఆంపు లిమిట్‌తో, అవుట్‌పుట్ ఎనేబుల్ చేయకుండా ఇవ్వండి. సాకెట్ అయితే ప్రాసెసర్ తీసేసే చేయండి.