లైవ్‌కి హైబ్రిడ్ ట్యూబ్ బేస్ ఆంప్: ఏది తీసుకోవాలి?

నాలుగుతీగలు
అన్నలూ, ఒక సలహా కావాలి. ఇన్నాళ్ళూ పబ్బుల్లో వాళ్ళు పెట్టిన కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) మీదే నెట్టుకొచ్చాను. ఇప్పుడు కాలేజీ ఫెస్టులు, సంగీత్‌లు వస్తున్నాయి, సొంత హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) కొనక తప్పదు. ప్రీఆంప్ (సౌండ్ మలిచే మొదటి భాగం) ట్యూబ్‌ది, పవర్ సెక్షన్ తేలికైన ట్రాన్సిస్టర్ల క్లాస్ డి ఉన్న హైబ్రిడ్ మీద మనసు పడింది. బడ్జెట్ లక్ష లోపు. నా బేస్ గిటార్ ఐదు తీగలది. ఇంట్లో 2x10 క్యాబ్ (రెండు పది అంగుళాల స్పీకర్ల పెట్టె) ఒకటుంది, నిరోధం 8 ఓమ్‌లు. అడిగేవి మూడు: 500 వాట్లు సరిపోతాయా? ఒక్క ట్యూబ్ ఉన్నదానికీ నాలుగున్నదానికీ స్టేజీ మీద తేడా తెలుస్తుందా? సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూసుకోవాలి?

మెట్లెక్కినవాడు
ఆల్ ట్యూబ్ జోలికి పోనందుకు ముందు మీకో దండం. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ వచ్చినప్పటి నుంచి బేస్ అంటే అదే సౌండ్ అని అందరికీ ఒక పిచ్చి. 300 వాట్లు, నిజంగానే అద్భుతం. కానీ ఒక్క హెడ్డే 40 కిలోలకు దగ్గర. ఆ తరహా బరువుది ఒకటి నేను నాలుగేళ్ళు మోశాను. లిఫ్టు లేని ఫంక్షన్ హాలు, రెండో అంతస్తు. డ్రమ్మర్ ఒక పక్క, నేను ఒక పక్క. మెట్ల మలుపు దగ్గర వాడు "ఆగన్నా, చెమట" అని చెయ్యి వదిలాడు. నా ఉంగరం వేలు గోడకీ హ్యాండిల్‌కీ మధ్య ఇరుక్కుంది. ఆ రాత్రంతా మూడు వేళ్ళతోనే లాగించాను, ఎవరూ కనిపెట్టలేదు, అది వేరే బాధ. ఇప్పుడున్నది నాలుగు కిలోలు కూడా ఉండదు, బ్యాగులో పడేసి బండి మీద వెళ్ళిపోతాను.

సౌండ్‌మావయ్య
తమ్ముడూ, పేరేమో నాలుగు తీగలు, బేస్ ఐదు తీగలదా!

అసలు సంగతి. ఆంప్ నువ్వు వినడానికి. జనం వినేది నా మిక్సర్‌లోంచి. కాబట్టి హెడ్ వెనక డీఐ (మిక్సర్‌కి సిగ్నల్ పంపే అవుట్‌పుట్) ఎలా ఉందో చూడు. ప్రీ/పోస్ట్ బటన్ (సిగ్నల్ నీ టోన్ నాబులకి ముందు నుంచి పోవాలా, తర్వాత నుంచి పోవాలా అని) ఉండాలి, హమ్ అనే గుయ్‌మనే శబ్దాన్ని ఆపే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉండాలి. జనరేటర్ మీద నడిచే గ్రౌండులో గ్రౌండ్ లిఫ్ట్ లేకపోతే ఆ హమ్ నీ పాటలన్నింటికీ శ్రుతి పెట్టెలా మోగుతూనే ఉంటుంది. ప్రీలో పెట్టి పంపమంటే వినరు, పోస్ట్‌లో పెడతారు. మూడో పాటలో తమకు వినపడటం లేదని బేస్ నాబ్ తిప్పుతారు. అక్కడ నా సబ్‌వూఫర్లు గోల పెడతాయి, పెళ్ళికొడుకు తండ్రి వచ్చి నా మీద అరుస్తాడు.

వేడిసోల్డర్
22 ఏళ్ళుగా ఆంప్‌లు విప్పుతున్నాను కాబట్టి చెబుతున్నాను, నచ్చకపోతే వదిలేయండి. చౌక హైబ్రిడ్లలో ట్యూబ్ అలంకారం. ప్రీఆంప్‌లో వాడే 12ఏఎక్స్7 ట్యూబ్ డేటాషీట్ తీయండి, ప్లేట్‌కి 100 వోల్టులు, 250 వోల్టుల లెక్కలు ఉంటాయి. చాలా చౌక పెట్టెల్లో దానికి ఇచ్చేది పదుల్లో. తిండి పెట్టకుండా పాడమన్నట్టు. పైగా కిటికీలోంచి ఎర్రగా వెలుగుతోందని మురిసిపోతారు. కొన్నింట్లో అది ట్యూబ్ వెలుగు కాదు, వెనక పెట్టిన ఎల్ఈడీ. అందుకని ట్యూబులు లెక్కపెట్టకండి, వాటికి ఎన్ని వోల్టులు అందుతున్నాయో అడగండి.

గోదారిగ్రూవ్
సోల్డర్ గారూ, మీరు మీటరుతో వింటారు, మేం చెవులతో వింటాం. హార్ట్‌కీ హెచ్‌ఏ3500లో ట్యూబ్ ప్రీఆంప్‌కి ఒక నాబ్, సాలిడ్ స్టేట్‌కి ఒక నాబ్ విడిగా ఉంటాయి. మార్క్‌బేస్ లిటిల్ మార్క్ ట్యూబ్‌లో ఒకే నాబ్‌తో అటు నుంచి ఇటు కలుపుకోవచ్చు. తిప్పితే తేడా చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఇదంతా భ్రమేనా?

వేడిసోల్డర్
నేను ఏ మోడల్ పేరూ ఎత్తలేదు. నాబ్ తిప్పితే గెయిన్, ఈక్వలైజేషన్ కూడా కాస్త మారతాయి. కాస్త గట్టిగా వినపడినదే బాగుందని చెవి అంటుంది. లెవెల్ సమానం చేసి వినండి, అప్పుడు మాట్లాడదాం.

గోదారిగ్రూవ్
సమానం చేసే విన్నానండీ. స్టేజీ ఎక్కి ఎన్నాళ్ళైంది మీకు? ట్యూబ్ వైపు పెడితే గట్టిగా మీటినప్పుడు శబ్దం అంచు గుండ్రంగా వస్తుంది, కీబోర్డు ఎడమ చేతి కింద నలిగిపోదు.

వేడిసోల్డర్
స్టేజీ ఎక్కినవాళ్ళందరి ఆంప్‌లూ ఆఖరికి నా బల్ల మీదకే వస్తాయి. మీరనే ఆ గుండ్రం ఎస్‌వీటీలో వస్తుంది, ఎందుకంటే అక్కడ పవర్ ట్యూబులూ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ కష్టపడుతూ కొంచెం కుంగుతాయి. హైబ్రిడ్‌లో ఆ రెండూ లేవు. ప్రీఆంప్ ట్యూబ్ ఇచ్చేది దానిలో ఒక ముక్క. ముక్కని ముక్క అంటే అంత రోషం ఎందుకు?

డాలస్‌బాబాయి
మాకు ఇక్కడ అమెరికాలో యూజ్డ్‌లో ఇవి చవగ్గా దొరుకుతాయి. మా బావమరిది ఇండియా వెళ్తూ ఒకటి సూట్‌కేస్‌లో తీసుకెళ్ళాడు. ప్లగ్గుకి అడాప్టర్ పెట్టి పెట్టగానే ఒక్క టప్. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. వెనక చీటీ మీద 100-240 అని రాసి ఉంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొన్నింటికి వోల్టేజీ మార్చే స్విచ్ ఉంటుంది, అది చూడకుండా పెట్టకండి. మావాడు ఇప్పుడు దాన్ని టీవీ స్టాండ్ కింద ఎత్తు కోసం వాడుతున్నాడు.

నాలుగుతీగలు
అందరికీ థ్యాంక్స్. కానీ నా 8 ఓమ్ క్యాబ్ సంగతి ఎవరూ చెప్పలేదు. పేరు విషయానికొస్తే, అకౌంట్ తెరిచినప్పుడు నాలుగే ఉండేవి, మావయ్యా.

వేడిసోల్డర్
ఇది అడగాల్సిన ప్రశ్న. పెట్టె మీద 500 అని రాస్తే అది చాలావరకు 4 ఓమ్‌ల దగ్గర. ఆరెంజ్ టెర్రర్ బేస్ 500 తీసుకున్నా అంతే. నీ ఒక్క 8 ఓమ్ క్యాబ్ పెడితే దాదాపు సగమే వస్తుంది. ఇంకో 8 ఓమ్ క్యాబ్ సమాంతరంగా కలిపితే 4 అవుతుంది. అప్పుడు వాట్ల వల్ల 3 డెసిబెల్స్, స్పీకర్లు రెట్టింపైనందుకు ఇంకో 3. అదే 500 హెడ్ తీసేసి 1000 వాట్ల హెడ్ కొంటే దక్కేది మొదటి 3 మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే పదింతల వాట్లు. డబ్బు క్యాబ్ మీద పెట్టు. రెండు 4 ఓమ్ క్యాబులు మాత్రం కలపకు, 2 అవుతుంది, చాలా హెడ్లు దానికి ఒప్పుకోవు.

హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడే వీరులు కూడా ఉన్నారు. అది సన్నటి తీగ, వేడెక్కుతుంది. స్పీకాన్ (స్పీకర్లకి వాడే మందపాటి) కేబుల్ ఒకటి అదనంగా బ్యాగులో ఉండాలి.

బ్రదర్‌బేస్
ప్రైజ్ ది లార్డ్. మా మందిరంలో స్టేజీ మీద క్యాబ్ వద్దంటారు, అమ్మగార్లకి తలనొప్పి వస్తుందట. హైబ్రిడ్ హెడ్ ఒక్కటే పెట్టుకుని, క్యాబ్ లేకుండా డీఐ నుంచి మిక్సర్‌కి ఇచ్చి, ఇయర్‌ఫోన్‌లో వింటాను. పవర్ సెక్షన్ ట్రాన్సిస్టర్లదే కాబట్టి స్పీకర్ తగిలించకపోయినా నడుస్తుంది. పూర్తి ట్యూబ్ ఆంప్‌తో ఈ పని చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంతకీ ఐదో తీగ ఎందుకు బ్రదర్? మా పాటల్లో దాని అవసరమే రాలేదు.

సౌండ్‌మావయ్య
ఐదో తీగ ఖాళీగా మోగిస్తే 31 హెర్ట్జ్. అతని 2x10 ఆ నోటుని దాదాపు పుట్టించదు, మనం ఎక్కువగా వినేది దానికి రెట్టింపైన 62నే. అయినా ప్రతి పాట చివర ఆ తీగని లాగి వదులుతారు, సబ్‌వూఫర్లు ఊగిపోవాలని. ఊగేది నేను.

గోదారిగ్రూవ్
ఐదు తీగల వాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. ఈ ఫీల్డులో బేస్ వాయించేవాడంటే లోకువ. గిటారిస్టు రెండు ఆంప్‌లు తెచ్చినా ఎవరూ అడగరు.

మోడరేటర్
వ్యక్తిగత విమర్శలు వద్దు. ఇద్దరి పోస్టులు చెరొకటి తీసేశాను.

ఉప్పుగాలి
వైజాగ్ నుంచి. సెకండ్ హ్యాండ్ గురించి అడిగారు కదా, ఎవరూ ముట్టుకోలేదు. నేను మొదటిసారి మోసపోయాను కాబట్టి చెబుతున్నాను. అమ్మే మనిషి ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో వినిపించాడు, తేనెలా ఉంది. బీచ్ రోడ్డు షోలో మాస్టర్ వాల్యూమ్ సగం దాటగానే ఒక సన్నటి కూత మొదలైంది. ట్యూబ్ మైక్రోఫోనిక్ అయిపోయింది, అంటే క్యాబ్ అదురుకి అదే మైకులా పనిచేస్తోంది.

ఇప్పుడు జేబులో పెన్సిల్ లేకుండా కొనడానికి వెళ్ళను. మూత తీయించి, ఆంప్ ఆన్‌లో ఉండగా, లోపల ఇంకేమీ ముట్టుకోకుండా, పెన్సిల్ వెనక రబ్బరుతో ట్యూబ్‌ని మెల్లగా తట్టాలి. కొద్దిగా టిక్ అంటే ఫర్వాలేదు. గంట కొట్టినట్టు మోగుతూ ఉంటే దాని పని అయిపోయినట్టే. లోపల అధిక వోల్టేజీ ఉంటుంది, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళతో చేయించండి. తర్వాత నాబులన్నీ ఒకసారి చివరి నుంచి చివరికి తిప్పండి. మా దగ్గర ఉప్పు గాలికి గరగరమంటాయి. అది స్ప్రేతో పోతుంది, ధర తగ్గించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

వేడిసోల్డర్
పెన్సిల్ సంగతి సరిగ్గా చెప్పారు. ప్రీఆంప్ ట్యూబ్ మార్చడం పెద్ద పనేమీ కాదు, పవర్ ట్యూబుల్లా బయాస్ (కరెంటు సర్దుబాటు) పెట్టక్కర్లేదు. కాకపోతే 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ట్యూబుల ధరలు పెరిగాయి. నాలుగున్న హెడ్ కొనేముందు నాలుగింటి ఖర్చూ లెక్కేసుకోండి. ఒక్కటున్నదాని సుఖం అక్కడ తెలుస్తుంది.

గోదారిగ్రూవ్
అంటే ఒక్కటున్నా మంచిదే అంటున్నారు. చూశారా, దారికొచ్చారు.

వేడిసోల్డర్
ఖర్చు సంగతి చెప్పాను, సౌండ్ సంగతి కాదు. చదవడం వచ్చా?

నాలుగుతీగలు
కొన్నది చెబుతాను. హెడ్ ఇంకా కొనలేదు! సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 2x10 క్యాబ్, 8 ఓమ్‌లు, సికింద్రాబాద్‌లో ఒకాయన దగ్గర దొరికితే అది తీసుకున్నాను. హెడ్ అద్దెకి తెచ్చి నిన్న ఒక సంగీత్‌లో పెట్టాను, రెండు క్యాబులు ఒకదాని మీద ఒకటి. పైది చెవి ఎత్తుకి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నేనేం వాయిస్తున్నానో నాకు వినపడింది, కొన్ని తప్పులు కూడా. మాస్టర్ సగం కూడా దాటలేదు. మధ్యలో ఫాగ్ మెషిన్ వేయగానే వోల్టేజీ పడిపోయి హెడ్ ఆగి మళ్ళీ లేచింది. పల్లవి మొత్తం పోయింది. స్టేజీ లైట్లు, ఫాగ్ ఉన్న లైనులో మన ప్లగ్ పెట్టకూడదని తెలిసింది. డీఐ ప్రీలోనే పెట్టాను, మావయ్యా.

సౌండ్‌మావయ్య
నా జన్మ ధన్యం.

మెట్లెక్కినవాడు
రెండో క్యాబ్ ఎవరు మోశారు?

గోదారిగ్రూవ్
సోల్డర్ గారూ, ఆదివారం రాజమండ్రి రండి. రెండు నాబుల హెడ్ నా దగ్గరుంది. లెవెల్ మీరే సమానం చేయండి. హెడ్ మీద దుప్పటి కప్పుతాను, ఎప్పుడు ట్యూబో ఎప్పుడు కాదో పదిసార్లు చెప్పండి. భోజనం మా ఇంట్లోనే.

వేడిసోల్డర్
వస్తాను. దుప్పటి నాదే తెచ్చుకుంటాను.