ఇంటర్ అయ్యాక హాస్టల్‌కి వెళ్లేవాడికి ఇప్పట్నుంచే ఏమేం అలవాటు చెయ్యాలి?

గాజువాక_అమ్మ:
మావాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పొద్దున కాలేజీ బస్సెక్కితే స్టడీ అవర్స్ ముగించుకుని రాత్రికే ఇల్లు చేరతాడు. వచ్చే ఏడాది ఇంజనీరింగ్ సీటు ఎక్కడొచ్చినా హాస్టల్ తప్పదు. "వెళ్తే వాడే నేర్చుకుంటాడులే" అంటారు మా ఆయన. చదువు పాడవకుండా ఇప్పుడేం మొదలుపెట్టాలి? ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) తర్వాతి సెలవులకి ఏం ఉంచాలి? వంట కూడా నేర్పాలా?

మద్దిలపాలెం_మాస్టారు:
వంటకి తొందరేం లేదండీ. చాలా హాస్టళ్లలో స్టవ్ కాదు కదా, కరెంటు కెటిల్ కూడా పెట్టుకోనివ్వరు.

అసలు చిక్కు టైముతో. మన ఇంటర్ కాలేజీల్లో రెండేళ్లపాటు ఏ గంటకి ఏ పుస్తకం తియ్యాలో కూడా వాళ్లే చెబుతారు. ఇంజనీరింగ్‌లో మధ్యాహ్నం నాలుగింటికి క్లాసు అయిపోయాక అడిగేవాడుండడు. చాలా కాలేజీల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అది తగ్గుతోందని ఇంటికి తెలిసేసరికి సెమిస్టర్ సగం దాటిపోతుంది. అందుకని ఈ నెల ఒక్కటే పని: పొద్దున లేవడం వాడి బాధ్యత. అలారం వాడిదే, మీరు లేపొద్దు. బస్సు తప్పితే సిటీ బస్సులో వెళ్తాడు, ఆలస్యమైనందుకు సంజాయిషీ కూడా వాడే చెప్పుకుంటాడు. అది కుదిరాకే రెండోది, ఆదివారం తన బట్టలు తను ఉతుక్కోవడం. పరీక్షల దాకా ఈ రెండూ చాలు.

డబ్బు సంగతి మే నెలలో, ఎంసెట్ అయ్యాక. మొదటి నాలుగు వారాలు వారానికోసారి ఇవ్వండి. తర్వాత రెండుసార్లు పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకి సరిపడా ఒకేసారి. సెల్ రీఛార్జ్, బస్సు ఖర్చు, కటింగ్, నోటుబుక్కులు అన్నీ అందులోంచే. ఇరవయ్యో తారీఖుకే ఖాళీ చేస్తాడు, ఖాయం. అక్కడే పెద్దవాళ్లు చెడగొడతారు, జాలిపడి గుట్టుగా ఫోన్‌పే కొట్టేస్తారు. ఇంట్లో ఉన్నవాడికి అన్నానికి లోటు లేదు కదా, ఆ పది రోజులూ ఖాళీ జేబుతో ఉండనివ్వండి. అదే హాస్టల్లో జరిగితే పక్క గదివాడి దగ్గర అప్పుతో మొదలై లోన్ యాప్‌ల దాకా పోతుంది.

ప్రయాణం కూడా మెట్టుమెట్టుగానే. ముందు దువ్వాడలో జనరల్ టికెట్ కొనుక్కుని ఒక్కడే అనకాపల్లి వెళ్లి రావాలి. తర్వాత రిజర్వేషన్ తనే చేసుకుని రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ. ఒకటి మాత్రం ముందే చెప్పండి: ఆన్‌లైన్లో తీసిన టికెట్ చార్టు వేశాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. అది పట్టుకుని రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా కట్టాలి.

సచివాలయం_పక్కిల్లు:
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు, సీట్ల టైములో ఏడిపించేవి అవే.

ఆధార్‌లో పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వాలి. పదిహేడు దాటకముందైతే ఉచితం. అలాగే ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఉందో చూడండి. సాధారణంగా నాన్నదే ఉంటుంది. పిల్లాడు హాస్టల్లో డిజీలాకర్ (సర్టిఫికెట్లు ఫోన్లో దాచుకునే ప్రభుత్వ యాప్) తెరిస్తే ఓటీపీ గాజువాకలో మోగుతుంది, ఆ టైముకి ఆయన డ్యూటీలో ఉంటారు. పద్దెనిమిది నిండనివాళ్లకి సిమ్ వాళ్ల పేరున ఇవ్వరు కాబట్టి మీ పేరున తీసి, ఆ నంబరే వాడి ఆధార్‌కి కలిపించండి.

బ్యాంకులో మైనర్ ఖాతా ఉంటే పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కేవైసీ ఇచ్చి మార్పించుకోవాలి. లేకపోతే లావాదేవీలు ఆపేస్తారు. పుట్టినరోజు సెమిస్టర్ మధ్యలో పడుతుందేమో ఇప్పుడే క్యాలెండర్ చూసుకోండి.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, కులం, ఆదాయం. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చేలోపు పది సెట్లు జిరాక్స్, ఒక స్కాన్ కాపీ. స్కూళ్లు మారి ఉంటే పాత స్కూలు చుట్టూ తిరిగే పని వాడికే అప్పజెప్పండి. ఆఫీసులో నిలబడి అడగడం అక్కడే వస్తుంది.

ఎంవీపీ_సిస్టర్:
హాస్టల్లో ఒంట్లో బాగోకపోతే ముందు వాడే చూసుకోవాలి, అదీ నేర్పండి. విరేచనాలకి ఓఆర్ఎస్ లీటరు నీళ్లకి ఒక పెద్ద ప్యాకెట్, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల్లో తాగాలి, మిగిలితే పారబోయాలి. జ్వరానికి పారాసిటమాల్ 500 ఒకటి, మళ్లీ వేసుకోవాలంటే కనీసం ఆరు గంటలు ఆగాలి. చాలా జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట మీద చదవడం నేర్పండి. రెండు రోజులకి జ్వరం తగ్గకపోతే డాక్టరే.

బట్టల గురించి ఒక మాట. మగపిల్లలు బకెట్‌లో పొడి గుమ్మరిస్తారు. అరబకెట్ నీళ్లకి రెండు చెంచాలు చాలు. ఎక్కువైతే జాడించినా పోదు, నడుం దగ్గర దురద. మన విశాఖ గాలి తేమకి జీన్స్ తిరగేసి ఆరేయకపోతే జేబులు తడిగానే ఉండి వాసనొస్తాయి.

గాజువాక_అమ్మ:
చాలా థాంక్స్ అండీ. వెళ్లాక రోజూ ఫోన్ చేస్తే తప్పా?

మద్దిలపాలెం_మాస్టారు:
చెయ్యండి, కానీ రాత్రి ఒక్కసారి, ఒకే టైముకి. "తిన్నావా" అని ఆపెయ్యకుండా "ఇవాళ ఏ క్లాసు పోయింది" అని అడగండి. మొదటి నెల ప్రతి శనివారం ఇంటికి రప్పించొద్దు, గదిలో స్నేహాలు కలిసేది ఆ ఆదివారాల్లోనే. వెళ్లే ముందు వాడి ఫోన్లో రెండు నంబర్లు సేవ్ చేయించండి: ర్యాగింగ్ ఫిర్యాదుకి 1800-180-5522, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416.