అప్‌డేట్: తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతామా?

నా బరువు మామూలుగానే ఉంది, అయినా ఆయుష్షు కోసం తిండిలో పావు వంతు తగ్గించొచ్చా అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. డాక్టర్‌ని కలిశాక విషయం తేలింది: నాకైతే వద్దన్నారు.

ముందు ఎముకల స్కాన్ చేయించుకోమన్న సలహానే పనికొచ్చింది. సాంద్రత ఇప్పటికే కాస్త తక్కువగా ఉందట. మీరు జవాబుల్లో చెప్పిన క్యాలరీ ట్రయల్ (మనుషులు తిండి తగ్గిస్తే ఏమవుతుందో చూసిన ప్రయోగం) సంగతి అడిగితే డాక్టర్ వివరంగా చెప్పారు. అమెరికాలో ఊబకాయం లేని 200 మందికి పైగా ఆరోగ్యవంతులతో రెండేళ్లు చేశారు. 25 శాతం తగ్గించాలన్నది లక్ష్యం, సగటున కుదిరింది 12 శాతమే. అంత పర్యవేక్షణలో ఉన్నవాళ్లే అక్కడ ఆగిపోయారంటే ఇక మనమెంత! బీపీ, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి, నిజమే. వాటితో పాటు ఎముకల సాంద్రత, కండ కూడా కొంత తగ్గాయి. ఆయుష్షు పెరిగిందో లేదో రెండేళ్లలో ఎలాగూ తెలియదు.

కోతులకు తిండి తగ్గించి చేసిన ప్రయోగాల మీద వాదన కూడా ఇక్కడ బాగానే నడిచింది కదా. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన ప్రయోగంలో తక్కువ తిన్న కోతులు ఎక్కువ కాలం బతికాయి. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ 2012లో ఇచ్చిన ఫలితాల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. రెండు చోట్లా మేత వేరు, విస్కాన్సిన్ మేతలో చక్కెర చాలా ఎక్కువ; ఫలితాలు వేరుగా రావడానికి అదీ ఒక కారణం కావొచ్చు.

మీ జవాబుల్లో వచ్చిన, రాత్రి ఎన్నింటికి తినాలన్న గొడవ, సప్లిమెంట్ల లిస్టు నా విషయంలో అనవసరమే అయ్యాయి. ప్రస్తుతానికి తిండి మామూలుగానే, ప్రొటీన్ సరిపడా, బరువులెత్తే వ్యాయామం. కొన్నాళ్లాగి మళ్లీ స్కాన్ చేస్తారట.