కార్టూన్ల ప్రదర్శన పెడుతున్నాం, పాత పేజీలను ఎలా కాపాడాలి?

నమస్కారం. బాపుగారు 1933లో పుట్టిన మా నరసాపురంలో, సంక్రాంతి సెలవుల్లో పిల్లల కోసం కార్టూన్లు, బొమ్మల కథల ప్రదర్శన పెట్టాలని నలుగురం అనుకున్నాం. రాజకీయ కార్టూను, ఒక్క కాలమ్ వెడల్పున ఇమిడే పాకెట్ కార్టూను, వ్యాఖ్య లేని కార్టూను, మనిషి పోలికలను పెద్దవి చేసి గీసే క్యారికేచర్: ఇంతవరకు తేలికగానే విడదీశాం. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన జానపద బొమ్మల కథలనూ, 1967లో మొదలైన అమర చిత్ర కథ వంటి పూర్తి పుస్తకాలనూ ఒకే గోడకు పెట్టవచ్చా? వేరుగా ఉంచాలనే నాకనిపిస్తోంది. వారం వారం ఆగే కథలో చివరి గడి గీసే తీరే వేరు.

అంతకంటే పెద్ద బెంగ కాగితాల గురించి. మా నాన్నగారు కత్తిరించి దాచిన పేజీలు ఈ డెల్టా తేమకు పసుపెక్కి, మడతల దగ్గర చిట్లుతున్నాయి. లామినేషన్ చేయించమని కొందరంటున్నారు. ఒకసారి చేయిస్తే మళ్లీ ఊడదీయలేమని నా భయం. స్కాన్ చేసిన ప్రతులను గోడకు పెట్టి, అసలువి పెట్టెలోనే ఉంచాలా? నాలుగైదు అసలు పేజీలైనా పిల్లలు చూడాలని నా కోరిక. ఆ అచ్చు చుక్కల అందం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. భీమవరం, పాలకొల్లు వైపు పాత కాగితాలు బాగుచేసేవారు ఉన్నా తెలియజేయగలరు.